పటిక మానేసి మునగ గింజల పొడికి మారొచ్చా? ప్లాంట్ నడిపేవాళ్లు చెప్పండి

బురదనీళ్లు

అందరికీ నమస్కారం. నేను ఒక చిన్న నీటి శుద్ధి ప్లాంట్‌లో పనిచేస్తాను. ఏటి నీళ్లు తీసుకుని తేర్చి, ఇసుక ఫిల్టర్ దాటించి, క్లోరిన్ కలిపి తాగడానికి పంపుతాం. ఏడాదిలో ఎక్కువ భాగం టర్బిడిటీ, అంటే నీటి మసక, 15, 20 ఎన్‌టీయూ (మసకను కొలిచే యూనిట్) దగ్గరే తిరుగుతుంది. వరద వస్తే మాత్రం 400 దాటిపోతుంది. మామూలు రోజుల్లో పటిక, వరదప్పుడు పటికతో పాటు కొద్దిగా పాలీఎలక్ట్రోలైట్ (మట్టి ముద్దల్ని పెద్దవి చేసే పాలిమర్).

ఇప్పుడు పైవాళ్లకు ఒక ఆలోచన వచ్చింది. పటిక రసాయనం కాబట్టి మానేద్దాం, మునగ గింజలు సహజం కాబట్టి వాటికి మారదాం అంటున్నారు. రిపోర్టు నన్ను రాయమన్నారు. వెతికితే ఒకరు అద్భుతం అంటారు, ఇంకొకరు దండగ అంటారు. పటిక పూర్తిగా మానొచ్చా? ఎంత పొడి వేయాలి? తాగే నీళ్లు కదా, టెన్షన్‌గా ఉంది.

మునగప్రియ

టెన్షన్ అక్కర్లేదండీ. మునగ గింజతో నీళ్లు తేరతాయన్నది ఎప్పుడో తేలిన విషయం. సూడాన్‌లో నైలు నది బురద నీళ్లను ఆడవాళ్లు ఈ గింజలతో తేర్చుకోవడం గమనించి సామియా అల్ అజహరియా యాన్ అనే శాస్త్రవేత్త 1970ల నుంచి ఏళ్ల తరబడి దీని మీద పని చేశారు. 1990ల మొదట్లో మలావీలోని థ్యోలోలో, ఇంగ్లండ్‌లోని లెస్టర్ యూనివర్సిటీ వాళ్లు నడుస్తున్న ప్లాంట్‌లోనే వాడి చూశారు. వందల ఎన్‌టీయూల నీళ్లు పటికకు దీటుగా తేరాయి.

ఇక లాభాలు చూడండి. పీహెచ్ పెద్దగా మారదు. నీటి క్షారతను, అంటే పీహెచ్ పడిపోకుండా ఆపే గుణాన్ని, తినేయదు. అల్యూమినియం మిగలదు. మడ్డి తక్కువ, అది కూడా కుళ్లి మట్టిలో కలిసిపోతుంది. పైగా చిల్లగింజ, నాగజెముడు, బెండ, ఇలా మొక్కలకు కొదవే లేదు. ఏదో ఒకటి మీకు సరిపోతుంది.

కొల్లాయిడ్

మునగప్రియ గారు చెప్పినవి చాలావరకు నిజమే. కాకపోతే మొక్కల ఫ్లాక్యులెంట్లు (నీళ్లు తేర్చే సరుకు) అని అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే మీ రిపోర్టు దారి తప్పుతుంది.

బంకమట్టి రేణువులు ఎందుకు అడుగుకు దిగవు? వాటి ఉపరితలం మీద రుణావేశం ఉంటుంది. ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటూ నీళ్లలోనే ఉండిపోతాయి. ఆ ఆవేశాన్ని తగ్గించి, రేణువులు ఒకదానికొకటి అతుక్కునేలా చేయడం మొదటి పని. దాన్ని కోయాగ్యులేషన్ అంటాం. అలా అతుక్కున్న చిన్న ముద్దల్ని పెద్దవి చేసి త్వరగా కిందికి దించడం రెండో పని, ఫ్లాక్యులేషన్. మాటల్లో రెండిటినీ కలిపేస్తుంటాం గానీ ఏ మొక్కను ఎక్కడ వాడాలో తేల్చేది ఈ తేడాయే.

మునగ గింజలో పని చేసేది ప్రధానంగా ధనావేశమున్న ప్రొటీన్. అణుభారం 12 నుంచి 14 కిలోడాల్టన్లు. ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (ప్రొటీన్ మీద నికర ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) 10కి పైన, అంటే తాగే నీళ్లలో ఉండే ఏ పీహెచ్‌లోనైనా ఆ ప్రొటీన్ ధనావేశంతోనే ఉంటుంది. మట్టి రేణువు మీద అతుక్కుని దాని ఆవేశాన్ని చెరిపేస్తుంది. కాబట్టి మొదటి పని చేయగలదు. పటికకు పోటీగా నిలబడగల మొక్కలు చాలా తక్కువ, వాటిలో ఇదొకటి.

చిల్లగింజ, నాగజెముడు జిగురు, బెండ జిగురు, గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గ్వార్ గమ్, ఇవన్నీ వేరే రకం. వీటిలో పని చేసేవి పొడవాటి చక్కెర గొలుసులు, అంటే పాలీశాకరైడ్లు. గ్వార్ గమ్‌కు ఆవేశమే ఉండదు. మిగతావాటికి ఉండేది ఎక్కువగా రుణావేశం. అవి మట్టి రేణువు ఆవేశాన్ని చెరపలేవు. అప్పటికే ఆవేశం తగ్గి చిన్న ముద్దలైన వాటిని, ఒకే గొలుసు నాలుగైదు చోట్ల పట్టుకుని, పెద్ద ముద్దగా కట్టేస్తుంది. నాగజెముడులో గాలాక్ట్యురోనిక్ ఆమ్లం అనే చక్కెర ఆమ్లానిది ఇందులో పెద్ద వంతు. అది ఒంటరిగా కూడా బాగానే తేరుస్తుంది, కానీ పీహెచ్ 10 చుట్టుపక్కల. తాగే నీళ్లను అక్కడిదాకా లేపి మళ్లీ దించడం ఎవరికి కావాలి?

బురదనీళ్లు

బాగా అర్థమైంది సార్. అంటే మునగను పటిక స్థానంలో, మిగతావాటిని పాలీఎలక్ట్రోలైట్ స్థానంలో చూడాలన్నమాట. అలాంటప్పుడు మునగతో పటిక మానడానికి అడ్డేమిటి?

ఆరుజార్లు

అడ్డు మీ మొదటి పోస్టులోనే ఉంది. "15, 20 ఎన్‌టీయూ".

పటిక రెండు రకాలుగా పని చేస్తుంది. ఒకటి కొల్లాయిడ్ గారు చెప్పిన ఆవేశం చెరిపే పని. రెండోది, పటిక నీళ్లలో పడగానే అల్యూమినియం హైడ్రాక్సైడ్ మెత్తటి తెట్టెలా విరిగి, దిగుతూ దిగుతూ వల వేసి లాగినట్టు దారిలో ఉన్న రేణువులన్నిటినీ పట్టుకుపోతుంది. స్వీప్ ఫ్లాక్ అంటాం. నీళ్లు దాదాపు తేటగా ఉన్నప్పుడు రేణువులు దూరదూరంగా ఉంటాయి. ఆవేశం చెరిపినా ఒకదానికొకటి తగలవు, తగలకపోతే అతుక్కోవు. అప్పుడు ప్లాంట్‌ను నడిపించేది ఈ స్వీప్ ఫ్లాకే.

మునగకు ఈ రెండో విద్య లేదు. దాని ప్రొటీన్ నీళ్లలో కరిగే ఉంటుంది, తెట్టెలా విరగదు. అందుకే 200, 300 ఎన్‌టీయూ నీళ్లలో చక్కగా పని చేసే గింజ 20 ఎన్‌టీయూలో చేతులెత్తేస్తుంది. 50 కంటే తక్కువ టర్బిడిటీలో మునగ ఒక్కదాన్ని నమ్ముకోవద్దు. థ్యోలోలో దీటుగా పని చేసిందంటే అక్కడికొచ్చిన నీళ్లు అలాంటివి. ఆ ఫలితాన్ని మీ మామూలు రోజులకు అతికించకండి.

ఇంకో మాట. మునగ డోస్ ఎక్కువైతే మేలు జరగదు, కీడే. ధనావేశం అవసరానికి మించి అతుక్కుంటే రేణువులు ఈసారి ధనావేశంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. తేరిన నీళ్లు మళ్లీ మసకబారతాయి. పటిక కాస్త ఎక్కువైనా స్వీప్ ఫ్లాక్ కాపాడుతుంది. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. టర్బిడిటీ గంటగంటకూ మారే వరదలో డోస్ పట్టుకోవడం ఎంత కష్టమో ఆలోచించుకోండి.

సందేహజీవి

టర్బిడిటీ గురించి అందరూ మాట్లాడతారు. గింజ పొడి వేసిన తర్వాత నీళ్లలో ఏం మిగిలిందో ఎవరూ మాట్లాడరు. నా గొడవంతా అక్కడే.

లీటరుకు 100 మిల్లీగ్రాముల పొడి వేశారనుకోండి. అందులో తేర్చే పని చేసే ప్రొటీన్ కొంచెమే. మిగతాది నూనె, చక్కెరలు, పనిలేని ప్రొటీన్లు, పీచు. పీచు దిగిపోతుంది. కరిగేవి దిగవు, కరిగిన సేంద్రియ కార్బన్‌గా మీ నీళ్లలోనే ఉంటాయి. పటిక వేస్తే సేంద్రియ కార్బన్ తగ్గుతుంది, ముడి గింజ పొడి వేస్తే పెరుగుతుంది. కంటికి రెండు గ్లాసులూ ఒకేలా తేటగా కనిపిస్తాయి.

దాని ఫలితాలు వరసగా వస్తాయి. క్లోరిన్ డిమాండ్ పెరుగుతుంది, అంటే నిన్నటి డోస్‌తో చివరి కుళాయి దాకా క్లోరిన్ మిగలదు. క్లోరిన్ పెంచితే సేంద్రియ పదార్థంతో కలిసి ట్రైహాలోమీథేన్లు అనే హానికర పదార్థాలు పెరిగే అవకాశం. తగ్గిస్తే ఆ సేంద్రియ పదార్థాన్ని తిని పైపుల్లో బ్యాక్టీరియా పెరుగుతుంది. గింజతో తేర్చిన నీళ్లలో మొదట బ్యాక్టీరియా 90 నుంచి 99 శాతం తగ్గిందని చెబుతారు. నిజమే, రేణువులతో పాటు దిగిపోతాయి. అవి చచ్చిపోలేదు. నీళ్లు నిలవ ఉంచితే మళ్లీ పెరుగుతాయి, పైగా ఈసారి తిండితో సహా.

మనుస్మృతిలో ఒక శ్లోకం ఉంది. కతక ఫలం, అంటే చిల్లగింజ, నీళ్లను తేర్చేదే అయినా దాని పేరు తలచినంత మాత్రాన నీళ్లు తేరవని. "సహజం" అనే మాటతో నీళ్లు తేర్చేద్దామనుకునేవాళ్లకి అప్పుడే చెప్పి పెట్టారు.

మునగప్రియ

> పటిక వేస్తే సేంద్రియ కార్బన్ తగ్గుతుంది, ముడి గింజ పొడి వేస్తే పెరుగుతుంది

ముడి పొడి వేస్తే కదా! ముడి పొడే వేయాలని ఎవరన్నారు? గింజలో 30 నుంచి 40 శాతం నూనె. ముందు నూనె తీసేయండి. మిగిలిన పిండిలో తేర్చే గుణం అలాగే ఉంటుంది. ఆ నూనెకు మంచి గిరాకీ. బెన్ ఆయిల్ పేరుతో ఒకప్పుడు గడియారాల్లో కూడా వాడేవారు. అంటే నూనె తీసేవాడికి పిండి ఉప ఉత్పత్తి.

తర్వాత ఆ పిండిని మామూలు నీళ్లలో కాకుండా ఉప్పు నీళ్లలో కలిపి సారం తీస్తే చాలా తక్కువ డోస్‌తో పని అవుతుంది. ప్రయోగాల్లో ఒక మోలార్ ఉప్పు ద్రావణం వాడారు. డోస్ తగ్గితే సేంద్రియ కార్బన్ కూడా తగ్గుతుంది కదా.

ఇంకా బాగా కావాలంటే అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ల పద్ధతి ఉంది. గింజల సారాన్ని ఇసుకతో కలుపుతారు. ధనావేశమున్న ప్రొటీన్ రుణావేశమున్న ఇసుక రేణువులకు అతుక్కుంటుంది. మిగతా చెత్తంతా కడిగి పారబోస్తారు. ఆ ఇసుక గుండా నీళ్లు పోనిస్తే ప్రొటీన్ ఇసుకనే పట్టుకుని ఉండి మట్టినీ, బ్యాక్టీరియానూ పట్టుకుంటుంది. నీళ్లలోకి సేంద్రియ పదార్థం రాదు. ఎఫ్-శాండ్ అని వెతకండి.

సందేహజీవి

బాగుంది. నూనె తీయాలి, ఉప్పు నీళ్లలో నానబెట్టాలి, వడకట్టాలి, ఆ ద్రావణం పాడయ్యేలోపు వాడాలి. ఇవన్నీ ప్రతి బ్యాచ్‌కూ చేయాలి, ప్రతి బ్యాచ్‌లో బలం ఎంతుందో పరీక్షించాలి. గింజ ఏ చెట్టుది, ఎప్పుడు కోశారు, ఎన్నాళ్లు నిలవ ఉంది అన్నదాన్ని బట్టి బలం మారుతుంది. పటిక బస్తా మీద అల్యూమినా శాతం రాసి ఉంటుంది. గింజల బస్తా మీద ఏం రాస్తారు?

ఆరుజార్లు

లెక్క నేను వేస్తాను. రోజుకు 10 లక్షల లీటర్ల ప్లాంట్, డోస్ లీటరుకు 100 మిల్లీగ్రాములు. రోజుకు 100 కిలోల పొడి. పొట్టు తీసిన గింజ పప్పు ఒక్కోటి సుమారు 0.2 గ్రాములు. అంటే రోజుకు 5 లక్షల గింజలు. ఒక కాయలో 20 గింజలున్నాయనుకున్నా 25 వేల కాయలు. ఎండిన కాయలు, పొట్టు వలిచినవి, రోజూ. వరద వారమైతే ఎలాగోలా తట్టుకోవచ్చు, ఏడాది పొడవునా ఎవరు తెస్తారు?

ఉప్పు సారంతో డోస్ చాలా తగ్గుతుందన్న మాట ఒప్పుకుంటాను. అప్పుడు గింజల లెక్క కూడా దిగుతుంది. కానీ సారం తీసే చిన్న యూనిట్ ఒకటి ప్లాంట్‌లో పెట్టుకోవాలి.

కొత్తవిద్యార్థి

మా ప్రాజెక్ట్ కూడా ఇదే టాపిక్. మేం చిటోసాన్ తీసుకున్నాం, మొక్కల వాటిలో అదే బెస్ట్ అని చదివాం. దాన్ని కూడా చేర్చండి.

కొల్లాయిడ్

చిటోసాన్ మొక్కల నుంచి రాదు. రొయ్యల, పీతల పెంకుల్లోని కైటిన్ నుంచి తీస్తారు, కొన్ని శిలీంధ్రాల నుంచీ తీస్తారు. బయో ఫ్లాక్యులెంట్ అనండి, తప్పులేదు. ప్రాజెక్ట్ టైటిల్‌లో మొక్కల అని రాస్తే వైవాలో దొరికిపోతారు. మొక్కల వైపు ఉండాలంటే పిండి పదార్థం, అంటే స్టార్చ్, మంచి టాపిక్. బాక్సైట్ నుంచి అల్యూమినా తీసేటప్పుడు వచ్చే ఎర్ర బురదను దించడానికి సింథటిక్ పాలిమర్లు రాకముందు స్టార్చే వాడేవారు. స్టార్చ్‌కు ధనావేశపు గుంపులు తగిలించి కేటయానిక్ స్టార్చ్‌గా మారిస్తే ఆవేశం చెరిపే పని కూడా చేస్తుంది.

ఈటీపీ_నైట్‌షిఫ్ట్

తాగే నీళ్ల గొడవలోకి నేను రాను. మాది రంగుల అద్దకం వ్యర్థజలం. అక్కడ మొక్కల సరుకు రోజువారీగా వాడుతున్నాం, టానిన్ ఆధారిత కోయాగ్యులెంట్. బ్లాక్ వాటిల్ అనే తుమ్మ జాతి చెట్టు బెరడులోని టానిన్‌ను మార్చి తయారు చేస్తారు. బ్రెజిల్‌లో టాన్‌ఫ్లాక్ పేరుతో ఎప్పటి నుంచో అమ్ముతున్నారు.

మా అనుభవం చెబుతాను. పటిక వేసినప్పుడు పీహెచ్ పడిపోయి మళ్లీ సున్నం వేయాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ అవసరం బాగా తగ్గింది. మడ్డి తక్కువ. ప్రెస్‌లో మడ్డి నుంచి నీళ్లు పిండడం కాస్త సులువైంది. రంగు కూడా బాగానే దిగుతుంది, అన్ని రంగులూ కాదు.

జాగ్రత్త ఒకటి. నీళ్లలో ఇనుము ఉంటే టానిన్ దానితో కలిసి నీలినలుపు రంగు వస్తుంది. పాత కాలపు సిరా అలా చేసిందే. ఫెరిక్ క్లోరైడ్ వాడిన ట్యాంకును కడగకుండా ఇది పోస్తే ట్యాంకు సిరాబుడ్డే.

సందేహజీవి

అది కూడా చెప్పండి నైట్‌షిఫ్ట్ గారూ, ఆ టానిన్‌ను "మార్చడం" దేనితో? ఫార్మాల్డిహైడ్, అమ్మోనియం క్లోరైడ్‌లతో మానిక్ చర్య జరిపి ధనావేశం తగిలిస్తారు. చెట్టు నుంచి వచ్చింది కాబట్టి రసాయనం కాదంటే ఎలా?

ఈటీపీ_నైట్‌షిఫ్ట్

రసాయనం కాదని నేనెప్పుడన్నాను? పని బాగా చేస్తోందన్నాను. వ్యర్థజలంలో మాకు కావాల్సింది అదే.

ఇసుకఫిల్టర్

ఫిల్టర్ వైపు నుంచి ఒక మాట. గ్వార్ గమ్, బెండ జిగురు లాంటివి డోస్ మించితే మిగిలినది ఇసుక పొర మీదకు వస్తుంది. పైన అట్టకడుతుంది, హెడ్‌లాస్ (ఫిల్టర్‌లో నీటికి తగిలే అడ్డు) త్వరగా పెరుగుతుంది, బ్యాక్‌వాష్ చేసినా, అంటే కింది నుంచి నీళ్లు తోసి కడిగినా, ఇసుక విడిపోక మడ్ బాల్స్, అంటే బురద ఉండలు, తయారవుతాయి. సింథటిక్ పాలిమర్ ఎక్కువైనా ఇదే జరుగుతుంది గానీ జిగుర్ల విషయంలో ఇంకో తలనొప్పి, అవి అక్కడే కుళ్లడం మొదలుపెడతాయి. ఫిల్టర్ రన్, అంటే రెండు కడుగుళ్ల మధ్య నడిచే సమయం, ఎన్ని గంటలు వస్తోందో ఇప్పటి నుంచే రాసి పెట్టుకోండి. మార్చిన తర్వాత పోల్చడానికి ఏదీ లేకపోతే వాదన తప్ప ఏమీ మిగలదు.

గ్వార్ కలపడంలోనూ చూసుకోవాలి. ఒక్కసారిగా పోస్తే ఉండలు కడుతుంది, బయట తడి, లోపల పొడి. నీళ్లు సుడి తిరుగుతుండగా సన్నగా చల్లాలి. పలచగా, అర శాతం లోపు చేసుకుని పూర్తిగా నాననిచ్చి వాడండి. నిన్నటిది ఇవాళ వాడొద్దు.

నీటిబొట్టు

ఇంట్లో వాడుకునేవాళ్ల సంగతి ఏమిటి? ప్లాంట్ లేదు, పైపు లేదు, వచ్చేవి బురద నీళ్లే అనుకోండి. చిల్లగింజ మంచిదా మునగ మంచిదా? నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే అది కూడా పోతుందా?

ఆరుజార్లు

ఫ్లోరైడ్ పోదు. నైట్రేట్, ఉప్పు కూడా పోవు. కరిగినవి వేరు, తేలేవి వేరు. నల్గొండ టెక్నిక్‌లో ఫ్లోరైడ్ పోతుంది కదా అంటారేమో. అక్కడ సున్నంతో పాటు మామూలుగా తేర్చడానికి వేసేదానికంటే ఎన్నో రెట్లు పటిక వేస్తారు, ఆ అల్యూమినియం హైడ్రాక్సైడ్‌కు ఫ్లోరైడ్ అతుక్కుని దిగుతుంది. గింజల ప్రొటీన్‌లో అలాంటి తెట్టె లేదని పైన చెప్పాను.

ఇంట్లో వాడేటప్పుడు మునగే నయం, కారణం కొల్లాయిడ్ గారు రాసిందే. నీళ్లు ఓ మాదిరి మసకగా ఉంటే రెండు లీటర్లకు ఒక గింజ, బాగా బురదగా ఉంటే లీటరుకు ఒకటి, ఎర్రగా చిక్కగా ఉంటే లీటరుకు రెండు దాకా. బాగా ఎండిన కాయలోని గింజలే వాడాలి. పచ్చివాటితో కాదు. పొట్టు తీసి, పప్పు మెత్తగా దంచి, కొద్దిగా శుభ్రమైన నీళ్లలో బాగా కలిపి, పల్చటి బట్టతో వడకట్టి ఆ పాల లాంటి ద్రావణాన్ని పోయాలి. మొదట ఒక నిమిషం వేగంగా, తర్వాత ఐదు పది నిమిషాలు నిదానంగా తిప్పి, కదపకుండా గంటో రెండు గంటలో వదిలేయాలి. పైన తేరినదాన్ని వంచుకుని మరిగించండి, లేదా క్లోరిన్ వేయండి. ఈ చివరి మెట్టు వదిలేస్తే ముందు చేసినదంతా కంటికి మాత్రమే. ఆ రోజు నీళ్లు ఆ రోజే వాడేయండి.

కొల్లాయిడ్

చిల్లగింజ వాడాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. అది ముష్టి చెట్టుకు దగ్గరి చుట్టం, రెండూ స్ట్రిక్నోస్ ప్రజాతే. ముష్టి గింజలో స్ట్రిక్నిన్ అనే ప్రాణాంతక విషం ఉంది. ముష్టి గింజ బిళ్లలా చదునుగా, బూడిద రంగులో, పట్టు లాంటి నూగుతో ఉంటుంది. చిల్లగింజ దానికంటే చిన్నది, గుండ్రంగా ఉబ్బుగా ఉంటుంది. గింజను గుర్తుపట్టడం ఖాయంగా తెలిసినవాళ్లు చూపిస్తే తప్ప అడవిలో ఏరి తెచ్చి నీళ్లలో వేయొద్దు.

మోడరేటర్

ఇంటి వాడకం గురించి ఇంకా ప్రశ్నలుంటే వేరే థ్రెడ్ తెరవండి. ఇక్కడ బురదనీళ్లు గారి ప్లాంట్ దగ్గరే ఉందాం.

బురదనీళ్లు

అందరికీ థాంక్స్. ఇప్పటిదాకా నాకు అర్థమైంది: మామూలు రోజుల్లో పటిక మానలేం. వరద రోజుల్లో మునగను ప్రయత్నించవచ్చు కానీ కార్బన్, క్లోరిన్ చూసుకోవాలి. మరి పటిక వల్ల నీళ్లలో అల్యూమినియం మిగులుతుందని పైవాళ్లకు భయం కూడా ఉంది, దానికేం చెప్పాలి? ఇంకొకటి, ఆ వరద రోజుల్లో వేసే పాలీఎలక్ట్రోలైట్ గురించి ఎవరూ ఏమీ అనలేదు.

ఆరుజార్లు

అల్యూమినియం మిగలడం పటిక తప్పు కంటే నడిపే తీరు తప్పు. పీహెచ్ 6 నుంచి 7 మధ్య ఉంచి, ఫిల్టర్ సరిగ్గా నడిపితే చాలావరకు తెట్టెగా దిగిపోతుంది. చక్కగా నడిపే పెద్ద ప్లాంట్లలో లీటరుకు 0.1 మిల్లీగ్రామ్, చిన్నవాటిలో 0.2 లోపు ఉంచడం సాధ్యమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ముందు మీ నీళ్లలో ఎంతుందో కొలిపించండి. ఆ అంకె లేకుండా రిపోర్టు రాయొద్దు. క్షారత కూడా చూడండి. ఒక మిల్లీగ్రామ్ పటిక సుమారు అర మిల్లీగ్రామ్ క్షారతను తినేస్తుంది. వరదలో డోస్ 60కి పోతే క్షారత 30 తగ్గుతుంది. వరద నీళ్లలో క్షారత అసలే తక్కువ, అప్పుడు పీహెచ్ జారి అల్యూమినియం కరిగి మిగులుతుంది. ఫిర్యాదులు ఎక్కువ వచ్చేది అలాంటప్పుడే.

పాలీఎలక్ట్రోలైట్ అడిగారు, మంచి పని చేశారు. అసలు మొక్కల సరుకు మీ ప్లాంట్‌లో ముందు దూరాల్సింది ఆ తలుపు నుంచే అని నా అభిప్రాయం. మీరు వాడేది పాలీఅక్రిలమైడ్ అయితే ఆ పాలిమర్‌తో పెద్ద ఇబ్బంది లేదు, అందులో మిగిలిపోయే అక్రిలమైడ్ మోనోమర్‌తోనే భయం. తాగే నీళ్లలో అది లీటరుకు 0.5 మైక్రోగ్రాముకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. దాని బదులు స్టార్చ్ గానీ గ్వార్ గానీ, పటిక వేసి చిన్న ముద్దలు కట్టాక, అతి తక్కువ డోస్‌లో వేసి చూడండి. డోస్ తక్కువ కాబట్టి సందేహజీవి గారి కార్బన్ గొడవ కూడా చిన్నదవుతుంది. పటిక డోస్ కూడా కొంత తగ్గొచ్చు.

సందేహజీవి

ఇది ఒప్పుకుంటాను. పటిక తీసేయడం కంటే పటికకు తోడు మార్చడం తెలివైన పని. ఒక్క షరతు. మార్కెట్లో "గ్రీన్ పాలిమర్" పేరుతో వచ్చే ప్రతిదీ తాగే నీళ్లకు పనికిరాదు. వ్యర్థజలానికి అమ్మే సరుకు వేరు. తాగే నీళ్లలో వాడే రసాయనాలకు ఎన్‌ఎస్‌ఎఫ్ 60 లాంటి ప్రమాణం ఉంది, ఆ సర్టిఫికెట్ గానీ మీ దగ్గర చెల్లే దానికి సమానమైనది గానీ చూపించమనండి. చూపించకపోతే ఆ సంభాషణ అక్కడితో ఆపేయండి.

మునగప్రియ

నేను మాత్రం వరద రోజులకు మునగను వదలను. 400 ఎన్‌టీయూ నీళ్లు, క్షారత తక్కువ, పటికతో పీహెచ్ జారిపోతుంది అని మీరే అన్నారు. సరిగ్గా మునగ బలంగా ఉండే చోటు అదే. సగం పటిక, సగం నూనె తీసిన మునగ పిండి సారం కలిపి వేసి చూడండి. పూర్తిగా ఏదో ఒకటే ఎందుకు ఉండాలి?

ఆరుజార్లు

జార్‌లో వేసి చూడండి, అభ్యంతరం లేదు. ఎలా చేయాలో రాస్తాను, రిపోర్టుకు పనికొస్తుంది.

ఆరు జార్లు, అన్నిటిలో ఒకేసారి తీసిన అదే నీళ్లు. ఒకదానిలో ఏమీ వేయొద్దు. చాలామంది ఈ ఖాళీ జార్ పెట్టరు, వరద నీళ్లు ఊరికే ఉంచినా సగం దిగుతాయన్న సంగతి అప్పుడు తెలియదు. రెండోదానిలో మీ ఇప్పటి పటిక డోస్. మూడోదానిలో అదే పటికకు గ్వార్ తోడు. నాలుగులో పటిక తగ్గించి గ్వార్. ఐదులో సగం పటిక, మునగ సారం. ఆరులో మునగ ఒక్కటే. వేగంగా ఒక నిమిషం 150 ఆర్‌పీఎం దగ్గర, తర్వాత 20 నిమిషాలు 30 దగ్గర, తర్వాత అరగంట కదపకుండా. గ్వార్‌ను మాత్రం వేగంగా తిప్పడం అయిపోతుండగా వేయండి. ముందే వేస్తే గొలుసులు తెగుతాయి, పటిక పని కాకముందే రేణువులను కప్పేస్తుంది కూడా.

టర్బిడిటీ చూసి ఆపేయొద్దు. పైనీళ్లను ఫిల్టర్ పేపర్ దాటించి మళ్లీ టర్బిడిటీ, పీహెచ్, క్షారత చూడండి. ఆ నీళ్లకు ఒకే క్లోరిన్ డోస్ ఇచ్చి అరగంటకు ఎంత మిగిలిందో, మర్నాటికి ఎంత మిగిలిందో చూడండి. మూత పెట్టి రెండు రోజులు ఉంచి వాసన చూడండి. సేంద్రియ కార్బన్ కొలిచే యంత్రం మీ దగ్గర ఉండదు, క్లోరిన్ పడిపోయే తీరు దాని గురించి చాలానే చెబుతుంది. ఇదంతా ఒకసారి 20 ఎన్‌టీయూ నీళ్లతో, ఒకసారి వరద నీళ్లతో. రెండు పట్టికలు పక్కపక్కన పెడితే పైవాళ్లకు మీరు ఏమీ వాదించనక్కర్లేదు.

బురదనీళ్లు

ఇది ప్రింట్ తీసుకుంటున్నాను సార్. చిన్న డౌట్. మునగ సారం ముందు రోజు రాత్రే చేసి పెట్టుకోవచ్చా? పొద్దున షిఫ్ట్‌లో టైమ్ ఉండదు.

మునగప్రియ

వద్దండీ. ఏ పూటకాపూట చేసుకోవాలి. నిలవ ఉన్న కొద్దీ బలం తగ్గుతుంది, వేడిలో ఇంకా త్వరగా. గింజల్ని పొట్టుతోనే ఉంచి, ముందు రోజు పొట్టు మాత్రం వలిచి పెట్టుకోండి. దంచడం, కలపడం పొద్దున పావుగంట పని.

ఇసుకఫిల్టర్

వలిచిన పప్పును గాలి చొరని డబ్బాలో పెట్టండి, తేమ తగిలితే బూజు పడుతుంది. ఐదో జార్, ఆరో జార్‌ల అడుగున దిగిన మడ్డి ఎత్తు కూడా కొలిచి రాసుకోండి. మడ్డి తక్కువ వస్తుందన్న మాట ఇక్కడ వినిపించింది, మీ నీళ్లలో ఎంత తక్కువో ఇంతవరకు ఎవరికీ తెలియదు.